ఆటలోకి రాని ముక్కలు

ముప్పై ఒక్క ఏళ్ళు ట్రాము నడిపాను.
లియెపాయాలో ఉన్నది ఒకటే ట్రాము దారి,
పట్టాలు ఎటు పోతే అటు పోవడమే.
కాలిబాట అంచుని ఒక్కసారైనా తాకలేదని
పదవీ విరమణ నాడు చప్పట్లు కొట్టారు.
నవ్వొచ్చింది.
తాకాలనుకున్నా దారేదీ?

తర్వాత ఈ ఔడీ కొన్నాను,
నాకంటే ముందు ముగ్గురి చేతుల్లో నలిగింది.
పట్టాల్లేని చక్రాలు నాలుగు.
మొదటి వారమే రొట్టెల కొట్టు ముందు గర్రుమంది.
రోడ్ల మీద చల్లిన ఉప్పు, సముద్రం విసిరిన ఉప్పు
గీత పడ్డ చోటల్లా దూరి
వార్నిషు కింద తెల్లగా దారులు తొలిచాయి,
తలుపు చెక్కలో చెదలు తిరిగినట్టు.

జూన్‌లో, చీకటి పడటం మరిచిపోయే రోజుల్లో,
పెరట్లో పీట వేసుకుని కూర్చున్నాను.
బ్రేకుల మసి కడిగితే
బకెట్లో నీళ్ళు కాఫీ డికాక్షన్ అయ్యాయి.
నూట ఇరవై నంబరు గరుకు కాగితం.
రెండొందల నలభై.
నాలుగొందలు.
ఎనిమిదొందలు, నీళ్ళలో తడిపి.
అంకె పెరిగే కొద్దీ కాగితం మెత్తబడుతుంది.
ఏళ్ళు పెరిగే కొద్దీ నాకలా జరగలేదు.

"కొత్తవి ఇంతకంటే చవక, జెంటా,"
కంచె మీద మోచేతులు ఆన్చి ఇమాంట్స్.
"నువ్వు పళ్ళు కట్టించుకున్నప్పుడు
నేనేమన్నా అన్నానా?" అన్నాను.
మూతి బిగించి వెళ్ళిపోయాడు.

పుట్టీ ఎక్కడ ఆగిందో, లోహం ఎక్కడ మొదలైందో
కంటికి తెలీదు, వేలి కొసకి తెలుస్తుంది.
కళ్ళు మూసుకుని అంచు చుట్టూ తడిమాను,
ఒక చుట్టు, ఇంకో చుట్టు,
ఎక్కడా వేలు ఆగనంత వరకు.

ఇక రంగు.
టైరుకి అంటకూడదు. దానికి పేక ముక్కలే మందు.
శుక్రవారాలు మేం ఆడే జువొలెకి
ఇరవై ఆరు ముక్కలు చాలు.
మిగతా ఇరవై ఆరూ, అన్నీ చిన్నవే,
పెట్టె అడుగున ఏళ్ళుగా పడున్నాయి,
ఎవరి చేతికీ చెమట అంటించకుండా,
కొట్లో వాసన పోకుండా.
గాలి తీసిన టైరుకీ చక్రానికీ మధ్య
ఒక్కొక్కటే దోపాను.
పొద్దుతిరుగుడు రేకుల్లా చుట్టూ నిలబడ్డాయి,
మొదటిసారి ఎవరో పిలిచినట్టు.

పల్చగా, మూరెడు దూరం నుంచి, చెయ్యి ఆపకుండా.
ఒకే చోట నిలిస్తే రంగు కారుతుంది.
ఇది నాకు కొత్త పాఠం కాదు:
స్టాపు వచ్చేదాకా ఆగకూడదు.

ఈ ఊరి గాలికి వేళాపాళా లేదు.
మూడో చక్రం అయ్యేసరికి ఇస్పేటు నాలుగుని లేపి
ఔస్మా ఇంటి కప్పు దాటించింది.
నాలుగో దానికి ఒక సందు మిగిలితే
పెట్టెలోంచి చేతికందింది దోపేశాను.
కళ్ళద్దాలు వంటింట్లో,
స్ప్రే డబ్బా అప్పటికే ఊపి ఉంది.

ఆ రాత్రే శుక్రవారం.
ఎగోన్స్ పంచాడు, తలో ఎనిమిది, బల్ల మీద రెండు.
బల్ల మీద ఒకటే పడింది.
మళ్ళీ లెక్కపెట్టాం. ఇరవై అయిదు.
కళావరు రాణి లేదు,
తురుపులన్నిటి మీదా పెద్ద తురుపు.
ఎగోన్స్ ఔస్మా ఒళ్ళోకి చూశాడు,
ఔస్మా ఎగోన్స్ చొక్కా చేతుల్లోకి.
నేను మాత్రం లేచి పెరట్లోకి నడిచాను.

పది దాటినా వెలుతురు పోలేదు.
నాలుగో చక్రం ముక్కల్ని ఒక్కోటీ లాగాను.
పదకొండోది ఆవిడే,
మొహం రబ్బరుకి ఆనించి,
వీపంతా వెండి పూసుకుని.

తెచ్చి బల్ల మీద పెడితే అందరికీ అర్థమైంది,
ఇకమీదట ఎవరి చేతిలో ఉన్నా
రాణి వీపు అవతలి గది దాకా మెరుస్తుంది.
కొత్త పేక కొందామని ఎవరూ అనలేదు.
చవక లెక్కలు చెప్పే ఇమాంట్స్ కూడా.
దీపం కింద అటూ ఇటూ తిప్పి
"ఆరిందా?" అన్నాడు.
"పైకి ఆరింది. లోపల ఇంకా."
అంచులు మాత్రం పట్టుకుని, ముక్కల మధ్యకి జాగ్రత్తగా తోసి,
కలపడం మొదలెట్టాడు.